గొయ్యి కాదమ్మా, గట్టు కావాలి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసి సొంత ఊరికి వచ్చాను. ఇంటి వెనక 40 సెంట్ల మాగాణి ఉంది. వరి మానేసి రెండేళ్ళ కిందట పండ్ల మొక్కలు పెట్టాను. మామిడి మూడు, సపోటా రెండు, జామ రెండు, ఒక నిమ్మ, ఒక పనస, మనవరాలి ముచ్చట కోసం ఒక అవకాడో. మూడడుగుల గోతులు తీయించి, ఇసుక, పశువుల ఎరువు నింపి నాటాను. మొన్నటి వానలకు చేలో ఆరు రోజులు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు దిగాక ఆకులు వాడిపోతుంటే దాహం అనుకుని రోజూ బిందెలతో పోశాను. అవకాడో, పనస ఎండిపోయాయి. నిమ్మ ఆకులు పసుపుపచ్చబారాయి. మామిడి ఆకుల అంచులు కాలినట్టున్నాయి. సపోటా, జామ బాగానే ఉన్నాయి. పడమటి గట్టు అవతల మూడేళ్ళుగా రొయ్యల చెరువు ఉంది. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేశాక మా బోరు నీళ్ళు ఉప్పగా వస్తాయి. ఈ నేలలో కొబ్బరి తప్ప ఏదీ రాదని అందరూ అంటున్నారు. నిజమేనా? ఎండిపోయిన పనస మా అమ్మ పుట్టింటి చెట్టు గింజ. అదే ఎక్కువ బాధగా ఉంది.

సమాధానం:

అమ్మా,

"దాహం అనుకుని రోజూ బిందెలతో పోశాను" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో మీ తప్పేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా ఈ డెల్టా తోటల్లో తిరుగుతున్నాను. ముంపు వచ్చి పోయిన ప్రతిసారీ ఏదో ఒక పెరట్లో ఇదే చూస్తున్నాను. నీరు ఎక్కువై చచ్చే చెట్టూ, నీరు లేక చచ్చే చెట్టూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటికీ ఆకు వాలుతుంది, కొమ్మ కొస ఎండుతుంది. తేడా అంతా మన కంటికి కనిపించని చోట, మట్టి కింద ఉంటుంది.

వేరు కూడా ఊపిరి తీసుకుంటుంది. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలే దానికి ఆధారం. ఆ సందులు నీటితో నిండితే ప్రాణవాయువు కదలిక గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మదిస్తుంది. మిగిలి ఉన్న కాస్త గాలినీ వేర్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ కలిసి ఒకటి రెండు రోజుల్లో ఖర్చు చేసేస్తాయి. ఆ తర్వాత నీటిని పీల్చే సన్నని పీచువేర్లు చనిపోతాయి. అవి పోయాక చుట్టూ ఎన్ని నీళ్ళున్నా పైకి అందించే దిక్కు ఉండదు. అందుకే నీళ్ళ మధ్య నిలబడి కూడా చెట్టు వాడిపోతుంది. ఆ స్థితిలో పోసిన ప్రతి బిందే వేరుకు మిగిలిన కాస్త ఊపిరినీ ఆపేస్తుంది.

మీ గోతుల సంగతి కూడా చెప్పాలి. మూడడుగుల గొయ్యి తీసి, ఇసుకా ఎరువూ నింపి నాటమనే సలహా ప్రతి తోటల పుస్తకంలోనూ ఉంటుంది. అది మెట్ట రైతు కోసం పుట్టిన సలహా. నూజివీడు ఎర్రనేలల్లో, చింతలపూడి వైపు గరప నేలల్లో అది చక్కగా పనిచేస్తుంది. మన ఒండ్రు బంకమట్టిలో అదే గొయ్యి గోలెం అవుతుంది. ఇసుక గుండా పైనుంచి నీరు గబగబా దిగుతుంది. చుట్టూ ఉన్న బంకమట్టి దాన్ని బయటికి పోనివ్వదు. మీ చేలో నీరు ఆరు రోజులకు తీసి ఉండవచ్చు, గోతుల్లో అంతకు ఎన్నో రోజులు నిలిచి ఉంటుంది. అడుగున ఉన్న పశువుల ఎరువు గాలి లేకుండా కుళ్ళి వేర్లకు విషమైంది. నమ్మకం కలగకపోతే చనిపోయిన అవకాడో మొదట్లో ఒక పార లోతు తవ్వి వాసన చూడండి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, వేరు నల్లగా ఉండి, పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడి వస్తుంది.

ముందుగా బతికి ఉన్నవాటి మాట.

నీళ్ళు పోయడం ఇవాళే ఆపేయండి. మొదళ్ళ దగ్గర నేల తడిగా ఉన్నంతకాలం అక్కడ ఎవరినీ నడవనివ్వకండి, తడి బంకమట్టిని తొక్కితే ఇటుకలా గట్టిపడుతుంది. వరద తెచ్చి వేసిన ఒండ్రు కాండం చుట్టూ పేరుకుని ఉంటే చేత్తో తీసేసి మొదలు గాలికి వదలండి. కాలు దిగబడనంత ఆరిన తర్వాత పైపైన రెండంగుళాలు గుల్లచేయండి, అంతకంటే లోతు వద్దు. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే కుళ్ళు తెగులు మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదలు చుట్టూ ఒక్కసారి తడపండి. ఇప్పుడు యూరియా, డీఏపీ ఏదీ మట్టిలో వేయకండి, పీల్చే వేర్లు లేనప్పుడు వేసిన ఎరువు ఉప్పుతో సమానం. కొత్త చిగురు కనిపించాక పొటాషియం నైట్రేట్, అంటే దుకాణాల్లో 13-0-45 అని అమ్మేది, లీటరుకు 10 గ్రాముల చొప్పున ఆకుల మీద పిచికారీ చేస్తే చాలు. మామిడికీ నిమ్మకూ ఎండిన కొసలతో పాటు పచ్చి కొమ్మల్లో కూడా నాలుగో వంతు తగ్గించండి. సగం వేర్లు పోయిన చెట్టు మొత్తం ఆకును మోయలేదు.

నిమ్మ కాండం మీద గోటితో గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆశ ఉంది. మొదట్లో బెరడు పగిలి జిగురు కారుతుంటే ఆ భాగాన్ని శుభ్రంగా చెక్కి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. మామిడి కాండం మీద, నీరు నిలిచిన మట్టానికి కాస్త పైన, తెల్లగా ఉబ్బిన పొక్కులు ఉన్నాయేమో చూడండి. అవి రోగం కాదు. కింద గాలి అందనప్పుడు చెట్టు తనంతట తాను పైన తెరుచుకునే శ్వాసరంధ్రాలు. అవి వచ్చిన మామిడి బతకడానికి పోరాడుతున్నట్టే. దాన్ని తొందరపడి పీకేయకండి, వచ్చే ఉగాది దాకా సమయం ఇవ్వండి.

ఇంకొక్క జాగ్రత్త. నా జవాబు చదివి ఇప్పుడున్న చెట్ల మొదళ్ళ చుట్టూ మట్టి పోసి ఎత్తు చేద్దామని అనుకోకండి. పెరిగిన చెట్టు మొదలును పూడ్చడం వరద చేసిన పనే మళ్ళీ చేయడం. వాటికి నాలుగైదు అడుగుల దూరంలో చిన్న బోదె, అంటే పిల్లకాలువ, తీసి మురుగు కాలువలో కలపండి.

ఇక అసలు విషయానికి వస్తాను. డెల్టాలో పండ్ల చెట్టుకు మొదటి ఎరువు ఎత్తు. ఏ రకం, ఏ నర్సరీ, ఏ మందు అన్న ప్రశ్నలన్నీ దాని తర్వాతే. మన పెద్దలు పల్లపు ఊళ్ళలో ఇల్లు కట్టేటప్పుడు ముందు చెరువు తవ్వి, ఆ మట్టితో దిబ్బ పోసి, దాని మీద పునాది తీసేవారు. మనిషికి చేసిన ఆ మర్యాదే చెట్టుకూ చేయాలి. కొబ్బరి తోటల్లో వరుసల మధ్య బోదెలు చూస్తూనే ఉంటారు కదా. అదే పద్ధతి, ఇంకొంచెం ఎత్తుగా.

పని మొదలుపెట్టే ముందు ఒక కొలత కావాలి. చేలో రెండు మూడు చోట్ల నాలుగడుగుల లోతు గుంట తీయించి, మర్నాడు పొద్దున నీరు ఎంత లోతులో నిలిచిందో చూడండి. వానలు ఇప్పుడిప్పుడే వెనకపడుతున్నాయి కాబట్టి ఏడాదిలో నీటిమట్టం బాగా పైన ఉండే రోజులు ఇవే. ఆ మట్టం నుంచి మొక్క మొదలు దాకా సపోటా, జామలకు కనీసం మూడడుగులు, మామిడికి నాలుగు, నిమ్మకు అంతకు కాస్త ఎక్కువ, పనసకు ఐదారు అడుగులు ఉండాలని నా లెక్క. మీ నేలలో నీరు అడుగున్నర లోతులోనే తగిలిందనుకుందాం. మామిడికి రెండున్నర అడుగుల ఎత్తు మీరు పోయాలి. మట్టి దిగుతుంది కాబట్టి మూడడుగులు పోయండి.

విడివిడి దిబ్బల కంటే పొడవాటి గట్టు మేలు. దిబ్బ వానకు కరిగిపోతుంది, వేసవిలో ఎండిపోతుంది, వేరు ఒక్క అడుగు అటు జరిగితే పల్లంలో పడుతుంది. గట్టు మీద వేరుకు కనీసం రెండు దిక్కుల దారి ఉంటుంది. అడుగున 12 అడుగుల వెడల్పు, పైన 6, ఎత్తు 3 అడుగులు. దాని రెండు పక్కలా పైన 6 అడుగులు, అడుగున 3 అడుగుల వెడల్పుతో మూడడుగుల లోతు బోదె. లెక్క వేసి చూడండి, రెండు బోదెల్లో తీసిన మట్టి సరిగ్గా ఆ గట్టుకు సరిపోతుంది. ఒక్క ట్రాక్టరు మట్టి కూడా కొననక్కర్లేదు. కొన్న మట్టి ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత ఉప్పుతో వస్తుందో మనకు తెలియదు కూడా. మీ 40 సెంట్లూ ఇలా చేయనక్కర్లేదు. వంద అడుగుల గట్లు రెండు చాలు. వాటి మీద పది, పన్నెండు చెట్లు హాయిగా పెరుగుతాయి.

మట్టి తీసేటప్పుడు జేసీబీ అబ్బాయి తొందరపెడతాడు, మీరు దగ్గరే నిలబడండి. పైనున్న అడుగు మట్టిని, ఏళ్ళ తరబడి వరి మొదళ్ళు కుళ్ళిన ఆ నల్ల మట్టిని, ఒక పక్కకు వేయించండి. కింది నుంచి వచ్చే నీలి బూడిద రంగు బంకను ముందు గట్టు అడుగున వేయించి, దాని మీద ఈ పై మట్టి పరిపించండి. తలకిందులైతే ఉప్పు, జిగట పైకి వచ్చి మొక్క తొలి ఏడాదే నీరసిస్తుంది. మూడడుగుల కంటే లోతు వెళ్ళకండి. మీ ప్రాంతంలో ఇంకా కిందికి పోతే ఉప్పు ఊట తగిలే ప్రమాదం ఉంది.

ఈ పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో, నేల ఆరినప్పుడు చేయించండి. వేసవి అంతా గట్టును ఎండనివ్వండి. జూన్, జులై వానలు దాని మీద పడి ఉప్పును కిందికి కడిగి బోదెల్లోకి తీసుకుపోతాయి. మనకు ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, ఉప్పు కడిగే మందు అంతకంటే మంచిది లేదు. జులై చివర లేదా ఆగస్టులో, గట్టు దిగాల్సినంత దిగాక నాటండి. అక్కడి నుంచి కాలువలు కట్టేసేదాకా మొక్కకు ఎనిమిది నెలల తీపి నీరు అందుతుంది. గొయ్యి మొక్క మట్టిగడ్డ పట్టేంతే తీయండి. ఇసుక వద్దు, ఎరువు గోతిలో వద్దు, బాగా చివికినది పైన పరచండి. మొక్క మొదలు చుట్టుపక్కల మట్టికంటే రెండంగుళాలు పైకి ఉండాలి. గట్టు వాలుల మీద వట్టివేరు వరుసగా నాటితే మట్టి జారదు. బోదెల్లో చేమ వేసుకోవచ్చు, నీటిలో పెరగడం దానికి ఇష్టం.

బోదెలు తవ్వితే సరిపోదు, అవి ఎక్కడికో పోవాలి. ఈ మాట చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి కాటన్ దొరకు మనం దండం పెడుతూనే ఉన్నాం, పెట్టాలి కూడా. కానీ నీరు వచ్చే కాలువ మీద ఉన్న శ్రద్ధ నీరు పోయే మురుగు కాలువ మీద లేదు. గుర్రపుడెక్క, తూడు అల్లుకుపోయి, గట్లు ఆక్రమణలకు పోయి, చేలల్లో రెండు రోజుల్లో తీయవలసిన నీరు వారం ఉంటోంది. ఆ వారంలోనే మీ పనస పోయింది. మీ బోదె కలిసే మురుగును వేసవిలోనే, చుట్టుపక్కల రైతులతో కలిసి బాగుచేయించండి. వాన మొదలయ్యాక చేసేది ఏమీ ఉండదు.

ఇప్పుడు ఉప్పు. మామిడి ఆకుల అంచులు కాలడం, అదీ ముదురాకుల్లో ముందుగా, ఉప్పు గుర్తు. అయినా చూపుతో తేల్చకండి, మట్టి పరీక్ష చేయించండి. మే నెలలో, ఉప్పు పైకి తేలి ఉన్నప్పుడు, అడుగు లోతుది, రెండడుగులది, మూడడుగులది విడివిడిగా తీసి పంపండి. మండల వ్యవసాయ కార్యాలయంలో అడిగితే దారి చూపిస్తారు. కాగితం వచ్చాక రెండు అంకెలు చూడండి. మట్టిలో ఉప్పు ఎంతో చెప్పేది ఈసీ, క్షారం ఎంతో చెప్పేది పీహెచ్. ఈసీ 4 దాటి, పీహెచ్ 8.5 లోపు ఉంటే అది పాల చౌడు. దానికి మందు మంచి నీరు, మురుగు దారి, అంతే. పీహెచ్ 8.5 దాటి, సోడియం పేరుకుని ఉంటే కారు చౌడు, అప్పుడు జిప్సం కావాలి. చౌడు అనగానే జిప్సం బస్తాలు కొనేవాళ్ళను చాలామందిని చూశాను. పాల చౌడులో అది డబ్బు దండగ.

బోరు విషయంలో ఎవరైనా ఇంకా లోతు వేయమంటే వినకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో తీపి నీరు ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలా. లోతుకు వెళ్ళేకొద్దీ, గట్టిగా తోడేకొద్దీ ఉప్పు నీరు పైకి లేస్తుంది. తక్కువ లోతు ఫిల్టరు పాయింటు నుంచి కొద్దికొద్దిగా, మధ్యలో ఆపుతూ తోడుకోవాలి. నీటిలో కరిగిన ఉప్పును కొలిచే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనండి. 450 లోపు ఉంటే ఏ చెట్టుకైనా పోయవచ్చు. అది దాటి 2000 దాకా జాగ్రత్తగా, చెట్టును బట్టి. ఆ పైన ఉంటే పండ్ల చెట్టుకు పోయకపోవడమే మంచిది. ఉప్పు నీరు తప్పనిసరైతే రోజూ కొంచెం కొంచెం పోయకండి, ఉప్పు పైపొరలోనే పేరుకుంటుంది. నాలుగైదు రోజులకు ఒకసారి లోతుగా తడపండి, ఆకుల మీద పడనివ్వకండి. డ్రిప్ పెట్టిస్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. తడి వలయం అంచున ఉప్పు చేరి ఉంటుంది. తొలకరి జల్లు దాన్ని మళ్ళీ వేర్ల మీదికి నెడుతుంది. అందువల్ల మొదటి రెండు మూడు చిన్న వానలప్పుడు డ్రిప్ ఆపకుండా నడపాలి. వింతగా అనిపించినా అలాగే చేయండి. మొదలు చుట్టూ కొబ్బరి డొక్కలు పరిస్తే తేమ నిలుస్తుంది, ఉప్పు పైకి తేలడం తగ్గుతుంది. కాండానికి మాత్రం తగలనివ్వకండి.

రొయ్యల చెరువు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, కానీ మీ కష్టంలో దాని వంతు తక్కువేమీ కాకపోవచ్చు. పడమటి గట్టు వెంట, ఊటను పట్టడానికి కాబట్టి ఇది మాత్రం బోదెల కంటే లోతుగా, నాలుగడుగుల కందకం తీయించి, అది మీ బోదెల్లో కలవకుండా నేరుగా మురుగులోకి పోయేలా చేయండి. అవతలి నుంచి వచ్చే ఊట చాలావరకు అందులోనే ఆగుతుంది. నాలుగు వారాలకు ఒకసారి ఆ కందకం నీటిని మీటరుతో కొలిచి తేదీతో రాసిపెట్టుకోండి. చెరువు యజమాని మీ ఊరివాడే అయి ఉంటాడు. ముందు ఆ కాగితం చూపించి సామరస్యంగా మాట్లాడండి, ఆయన కూడా తన వైపు గట్టు గట్టిచేయించవచ్చు. వినకపోతే గ్రామ సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పులోనే చెప్పింది. పక్క పొలం రైతు గొంతెత్తితే అది గొడవ పెట్టుకోవడం కాదు, హక్కు అడగడం.

ఇంత చేశాక ఏ చెట్లు? మీ చేనే మీకు జవాబు చెప్పింది. అదే ముంపులో సపోటా, జామ నిలబడ్డాయి. సపోటా ఉప్పునూ, కొద్దిరోజుల నీటినీ, గాలినీ ఓర్చుకుంటుంది. పాల చెట్టు మొక్కను అడుగు మొక్కగా పెట్టి కట్టిన అంటు అడిగి తీసుకోండి. కాలిపత్తి, కీర్తిబర్తి రెండూ పెట్టండి. క్రికెట్ బాల్ కాయ పెద్దదే కానీ ఒంటరిగా ఉంటే కాపు తక్కువ, పక్కన ఇంకో రకం కావాలి. జామలో లక్నో 49 మీకు సరిపోతుంది. పడమటి వైపు, కందకం పక్కన అల్లనేరేడు రెండు పెట్టండి. నీటిలో కాళ్ళు పెట్టుకుని నిలబడగల చెట్టు అది, గాలికీ అడ్డు. కంచెకు వాక్కాయ. ఉసిరి, గులాబ్ జామ కూడా పర్వాలేదు. నిమ్మను చేలో మళ్ళీ పెట్టకండి, ఇంటి దిబ్బ మీద బావి పక్కకు మార్చండి. బొప్పాయి రెండు రోజుల ముంపు కూడా తట్టుకోదు, అదీ ఇంటి దగ్గరే.

అవకాడో మాట మీ మనవరాలికి నేనే చెబుతాను. తల్లీ, అది చల్లని కొండవాలు చెట్టు. కూర్గు, నీలగిరి వైపు బాగా కాస్తుంది. దాని వేరుకు తడి నేలంటే ప్రాణాంతకమైన కుళ్ళు తెగులు వస్తుంది, ఉప్పంటే అసలే పడదు. గోదావరి లంకల మధ్య దాన్ని పెంచాలనుకోవడం చేపను గట్టు మీద పెంచాలనుకోవడమే. లిచీ, రంబుటాన్ అని ఎవరైనా ఆశపెట్టినా కొనవద్దని అమ్మమ్మకు చెప్పు. బదులుగా ఒక గులాబ్ జామ నాటించుకో, మూడో ఏటికల్లా నీ చేతికందే ఎత్తులో కాయలు కాస్తుంది.

మామిడి గురించి కాస్త ఎక్కువ రాయాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీకు గుర్తుండే ఉంటుంది. తర్వాత వారం రోజులు నేను కోనసీమ ఊళ్ళలో తిరిగాను. కొబ్బరి చెట్లు మధ్యకు విరిగి, తలలు లేని మొండేల్లా నిలబడి ఉన్నాయి. మామిడి తోటల్లో ఒక తేడా కనిపించింది. అంటు మొక్కలు వేర్లతో సహా పక్కకు ఒరిగి పడ్డాయి. అదే పెరట్లో ఎవరో తిని పారేసిన టెంక నుంచి మొలిచిన ముసలి చెట్లు కొమ్మలు పోగొట్టుకున్నా నిలబడే ఉన్నాయి. సంచిలో ఏడాదిపాటు పెరిగిన అంటుకు తల్లివేరు అడుగున చుట్టలు చుట్టుకుంటుంది, అది మళ్ళీ నిటారుగా దిగడం అరుదు. నేలలో మొలిచిన టెంకకు తల్లివేరు తిన్నగా దిగుతుంది.

పైగా మామిడి స్వతహాగా ఉప్పుకు ఓర్వలేని చెట్టు. కానీ వేరు మొక్కను, అంటే అంటులో అడుగున ఉండే మొక్కను, బట్టి ఆ ఓర్పు మారుతుంది. కేరళలో కురుక్కన్ అనే మామిడి వేరు మొక్కగా ఉప్పును కొంత తట్టుకుంటుంది. ఇజ్రాయెల్ ఉప్పు నీటి తోటలకు 13-1 అనే వేరు మొక్కను వాడతారు. మనకు అంత దూరం వెళ్ళే పనిలేదు. మీ ఊళ్ళోనే, మురుగు పక్కనో చెరువు గట్టు మీదో, ఆ తుఫానుకు ముందు నుంచీ ఉన్న ముసలి నాటు మామిడి ఒకటైనా ఉంటుంది. ఉప్పునూ, మునకనూ, గాలినీ ముప్పై ఏళ్ళు చూసిన చెట్టు అది. గట్టు ఒక వానాకాలం చూశాక వచ్చే మే, జూన్‌లో దాని పండ్ల టెంకలు ఇరవై తెచ్చుకోండి. టెంక మొలిచే శక్తి నెల తిరిగేసరికి పోతుంది కాబట్టి వెంటనే గట్టు మీదనే, చెట్టు ఉండాల్సిన చోటనే, మూడేసి చొప్పున నాటండి. బలమైనది ఒక్కటి ఉంచి మిగిలినవి తీసేయండి. మరుసటి ఏడు వానల్లో, కాండం పెన్సిలు లావయ్యాక, కొత్తపల్లి కొబ్బరో, సువర్ణరేఖో, మీకిష్టమైన రసమో దాని మీద లేత కొమ్మ అంటు కట్టించండి. తెచ్చే పుల్ల మూడు నాలుగు నెలల వయసుది కావాలి, కోసే వారం ముందే తల్లిచెట్టు మీద దాని ఆకులు తుంచి ఉంచాలి. కడియం వైపు ఈ చేతిపని తెలిసినవారు ఇంటింటా ఉంటారు, ఒక పూట పిలిపించుకుంటే అన్ని చెట్లకూ కట్టేస్తారు. కొన్న అంటు కంటే రెండేళ్ళు ఆలస్యంగా కాస్తుంది. ఆ రెండేళ్ళు ఓర్చుకోమని మిమ్మల్ని గట్టిగా అడుగుతున్నాను.

మామిడి కాపు విషయంలో ఆశ కొంచెం తగ్గించుకోండి. పూత రావాలంటే వానలు వెళ్ళాక చెట్టుకు పొడి, రాత్రి చలి కావాలి. మన దగ్గర నవంబరు దాకా తడి ఉంటుంది. కాపుకొచ్చిన చెట్టుకు అక్టోబరు తర్వాత పిందె పట్టేదాకా చుక్క నీరు కూడా పోయకండి, బోదెల్లో నీరు నిలవనివ్వకండి. పూత మీద మంచు పడితే నల్లబడుతుంది, తేనెమంచు పురుగు కూడా వస్తుంది. మెట్టవాళ్ళ కాపుతో పోల్చుకోకుండా ఇంటికి సరిపడా కాయలు వస్తే చాలనుకోండి.

గాలికి కూడా ఒక మాట. చెట్లను ఎత్తు పెరగనివ్వకండి. మొక్క మీ నడుమెత్తుకు వచ్చినప్పుడే తల తుంచి మూడు నాలుగు కొమ్మలు చేయండి, ఏటా కోత అవగానే నడిమి కొమ్మలు పలచబరచండి. గాలి చెట్టును కొట్టకుండా దాని గుండా వెళ్ళిపోవాలి. ఊతకర్రకు బిగించి కట్టకండి. అటూ ఇటూ కాస్త ఊగిన కాండమే లావెక్కుతుంది. తుఫాను తర్వాత సముద్రపు తుంపర ఆకుల మీద ఎండితే మాడ్చేస్తుంది, దొరికిన మంచి నీటితో ఆ రోజే కడగండి.

కొబ్బరి తప్ప ఏదీ రాదన్నవారితో నేను ఏకీభవించను. అయినా హద్దు వెంట నాలుగు కొబ్బరి చెట్లు పెట్టుకోండి, ఇంటి అవసరం తీరుతుంది. అన్నీ కొబ్బరే వేస్తే సర్పిలాకార తెల్లదోమ వచ్చిన ఏడు చేతిలో ఏమీ మిగలదు. అది జామ మీదికి కూడా వస్తుంది కాబట్టి రెండింటి మధ్య దూరం ఉంచండి.

చివరగా మీ పనస. చేలో పెట్టిన పనసను ఎవరూ బతికించలేరమ్మా. దాని వేరు నీరు తగిలితే ఓర్వదు, గట్టు వేసినా చేలో దానికి కావలసిన ఎత్తు రాదు. కానీ మీ ఇంటి దిబ్బ ఉంది. చేను కంటే అది ఐదారు అడుగులు ఎత్తుంటే, గోడకు ఇరవై అడుగుల దూరంలో చోటు చూడండి. మీ అమ్మగారి పుట్టింటి చెట్టు ఇంకా ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే వచ్చే వేసవిలో మీరే వెళ్ళి, బాగా పండిన కాయ తీసుకుని, తొనలోంచి తీసిన గింజలను కడిగి వారంలోపే నాటండి. పనస గింజ ఎండితే మొలవదు, అందుకే ఎవరి చేతో పంపించమని చెప్పవద్దు. సంచిలో వద్దు, దిబ్బ మీదనే నాలుగు గింజలు వేయండి. ఒకటి నిలబడుతుంది. గుంటల్లో నీటి కొలత తెలిశాక నాకు మళ్ళీ రాయండి, గట్టు ఎత్తు లెక్క కలిసి చూద్దాం.